ఎక్కడికీ పోని పైపు

మా మామయ్యకి ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే కాళ్ళూ చేతులూ ఆడవు. దానికి తోడు ఇంకోటి ఉండాలి. గొడుగులు రెండు, కళ్ళజోళ్ళు రెండు. చేతికో గడియారం, జేబులో ఇంకో గడియారం. ఆ రెంటికీ నాలుగు నిమిషాలు తేడా. టైమెంతయింది మామయ్యా అని అడిగితే రెండూ చూసి, రెండు టైములూ చెప్పి, "అసలుది ఆ మధ్యలో ఎక్కడో ఉంటుందమ్మా" అంటాడు.

"ఇంకోటి ఉండనీ" అన్నది ఆయన ఊతపదం. చిన్నప్పుడు సెలవులకి వాళ్ళింటికి వెళ్తే, ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అంటాడో పెరటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాళ్ళం. ఒకరోజు ముప్పై ఒకటి తేలాయి. పిలిచి చూపించాం. ఆయన కోప్పడలేదు, వేలు పెట్టి శ్రద్ధగా లెక్కపెట్టి, "ఒకటి వదిలేసుంటారు, ఇంకోటి గీయండి" అని వెళ్ళిపోయాడు.

"అన్నిట్లోనూ ఇంకోటి అనే మనిషి పెళ్ళి విషయంలో ఎలా ఆగాడత్తయ్యా?" అని ఏడిపిస్తే, మా అత్తయ్య తల కూడా ఎత్తకుండా, "నేను దొరికాక ఇంకోటి అనే ధైర్యం ఎక్కడిదే ఆయనకి?" అనేది.

ఆయన ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేశాడు. ఎండనక వాననక స్తంభాలెక్కి దిగిన మనిషి. ఉద్యోగం వదిలినా ఉద్యోగపు అలవాట్లు వదల్లేదు. తీగ అన్నది కనపడితే చాలు, దానికి ఒక చీటీ కడతాడు, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో రాసి. వాళ్ళింట్లో ఇస్త్రీ పెట్టె వైరుకి చీటీ ఉంది. బట్టలారేసే తీగకి కూడా ఉంది: "పెరటి గుంజ నుంచి బాత్రూమ్ కిటికీ దాకా." ఆ తీగ మీద అత్తయ్య చీర ఆరేసినప్పుడల్లా ఆ చీటీ కూడా తడిసేది, ఈయన మళ్ళీ కొత్తది రాసి కట్టేవాడు.

ఇలాంటి మనిషిని నేను కొత్త ఇంటికి టీవీ వైర్లు వేయించడానికి పిలిచాను. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. చూశాను. పదకొండేళ్ళు అద్దె ఇళ్ళలో ఉండి, మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళని అడుక్కుని, చివరికి మాకంటూ రెండంతస్తులు లేపుకుంటున్నాం. కింద గోడలు లేచాయి, పైన స్లాబు పడింది. ఆ శుక్రవారం తాపీ మేస్త్రీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు: "సోమవారం ప్లాస్టరింగ్ మొదలు పెడతానమ్మా. గోడల్లోకి పోవాల్సిన పైపులన్నీ ఈలోగా పోవాలి. నున్నగా అయ్యాక మళ్ళీ గోడ కొట్టమంటే మాత్రం నేను మనిషిని కాను." డిష్‌కి, టీవీకి పైపులు ఎక్కడ వెయ్యాలో మా ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. మామయ్యకి ఫోన్ చేశాను. శనివారం పొద్దున్నే దిగాడు, వెనక అత్తయ్య, భుజాలకి చెరో సంచీ.

"టీవీలెన్ని?" అన్నాడు వస్తూనే.

"ఒకటే."

"ఒకటే!" అన్నాడు, ఎవరో పోయినట్టు.

తర్వాత మమ్మల్ని హాల్లోకి నడిపించాడు. హాలంటే ఇంకా ఇటుకలే. నాలుగు సిమెంటు తట్టలు బోర్లించి, ఒకదాని మీద నన్ను, ఒకదాని మీద మా ఆయన్ని, ఒకదాని మీద అత్తయ్యని కూర్చోబెట్టి, నాలుగోదాని మీద తను కూర్చున్నాడు. "ఎదురుగా గోడ చూడండి. అదే టీవీ అనుకోండి. మెడ నొప్పి పుడుతుందా, కిటికీ వెలుగు కళ్ళలో పడుతుందా చూసి చెప్పండి. కదలొద్దు." నలుగురం ఖాళీ గోడని చూస్తూ పావుగంట కూర్చున్నాం. అటుగా పోతున్న మేస్త్రీ ఆగి, గోడ వంకా మా వంకా చూసి, "ఏం చూస్తున్నారండీ?" అన్నాడు.

"వార్తలు" అంది అత్తయ్య.

అలా ప్రతి గదిలోనూ తట్టలు బోర్లించి, ప్రతి గోడనీ చూశాం. ఒక్క టీవీకి అయిదు పాయింట్లు తేలాయి. మా ఆయన నెమ్మదిగా, "బాబాయిగారూ, ఇన్నెందుకండీ?" అన్నాడు. "రేపు మంచం అటు తిప్పుతారు. ఎల్లుండి నీకూ మా అమ్మాయికీ పడక, నువ్వు ఇంకో గదిలో చూసుకుంటావు. ఇంకోటి ఉండనీ" అన్నాడు మామయ్య. మా ఆయన నా వంక చూసి, అయిదో పాయింటుకి కూడా గోడ మీద గుర్తు పెట్టాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఇంత హంగామా ఎందుకు సార్, డిష్ వైరు కూడా కరెంటు పైపులోనే దోపేద్దాం" అన్నాడు. మామయ్య అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, పాఠం చెప్పినట్టు చెప్పాడు. "కరెంటూ సిగ్నలూ తోడికోడళ్ళు బాబూ. ఒకే ఇంట్లో ఉండొచ్చు, ఒకే గదిలో ఉండకూడదు. పక్కపక్కన పెట్టావా, ఆవిడ గొణుగుడు ఈవిడకి ఎక్కి బొమ్మ చెడుతుంది. దేని పైపు దానికే. మలుపు దగ్గర పైపు గుండ్రంగా వంచు, విరిచినట్టు వంచకు. మేడ మీద నుంచి గదిలోకి వైరు ఒకటే రావాలి, మధ్యలో అతుకు పడకూడదు. ప్రతి పైపులోనూ ఒక తాడు వదులు, రేపు వైరు లాక్కోవడానికి."

"ఒక తాడేగా?"

"ఇంకోటి ఉండనీ" అన్నాడు.

ఇక్కడ పక్కింటి సంగతి చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ చెప్పకపోతే నా తప్పు దాచినట్టవుతుంది.

మా ప్రహరీకి అవతల ఒక చిన్న డాబా ఇల్లు. అందులో ఒక టీచరమ్మ, బడి మానేసి చాలా ఏళ్ళయింది, ఒక్కతే ఉంటుంది. మేం పునాది తీసిన నెలలో మా ఇసుక ఆవిడ గేటులోకి జారింది, మా సిమెంటు నీళ్ళు ఆవిడ మొక్కల్లోకి పోయాయి. "చదువుకున్నవాళ్ళేనా మీరు?" అంది ఆవిడ గోడ మీంచి. నేనా ఊరుకునేదాన్ని! ఒంటికాలి మీద లేచాను. "ఇల్లు కడుతుంటే ఇసుక కాకుండా పూలు పడతాయా?" అన్నాను. ఆవిడ ఒకటంది, నేను రెండన్నాను. చివర్లో, "మీ గోడ వైపు ఇక తల తిప్పి కూడా చూడను" అని నేనే శపథం చేశాను. ఇంట్లోవాళ్ళకీ పనివాళ్ళకీ కూడా చెప్పేశాను, ఆ ఇంటి మనిషితో ఎవరూ మాట్లాడకూడదని. ఏడు నెలలైంది. మామయ్యకీ వచ్చిన రోజే చెప్పాను. "సరేనమ్మా" అన్నాడు, రెండు జతల కళ్ళద్దాలూ ఒకదాని తర్వాత ఒకటి తుడుచుకుంటూ.

ఆదివారం ఆయన మేడ ఎక్కి, రెండు చేతుల్లో రెండు దిక్సూచులు పట్టుకుని నిలబడ్డాడు. ఒక కన్ను మూసి, ఆకాశంలోకి చెయ్యి చాచి, డిష్ ఎటు చూడాలో కొలిచాడు. అక్కడితో ఆగకుండా వెనక్కి తిరిగి, పక్కింటి డాబా మీదున్న పాత డిష్‌ని చాలాసేపు చూశాడు. "ఇక్కడ మెట్ల గది ఎంత ఎత్తు లేస్తుంది?" అని మేస్త్రీని అడిగాడు. "పదడుగులండీ, దాని నెత్తిన నీళ్ళ ట్యాంకు." మామయ్య "ఊఁ" అన్నాడు. పక్కింటివైపు చూడొద్దన్నాను కదా అని నేను కింద నుంచి కేకేశాను. "ఆకాశం చూస్తున్నానమ్మా" అన్నాడు.

సాయంత్రం చూద్దును కదా, డిష్ బిగించడానికి మేడ మీద సిమెంటు దిమ్మ ఒకటి కాదు, రెండు పోయించాడు. సరే, అలవాటే అనుకున్నాను. వంటింట్లో గుమ్మం పైన ఒక ఖాళీ పెట్టె బిగించి, దాంట్లోకి గోడలోంచి ఒక సన్న పైపు తెచ్చి, మూత పెట్టాడు. పోనీలే అనుకున్నాను. కానీ మెట్ల పక్క గోడలో ఒక పైపు చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. అది మేడ మీద నుంచి దిగి, ఏ టీవీ పాయింటుకీ వెళ్ళకుండా, బయటి గోడని చీల్చుకుని, పక్కింటి వైపు నోరు తెరుచుకుని ఉంది. దాని నోటికి ప్లాస్టిక్ మూత.

"ఇదెక్కడికి మామయ్యా?"

"ఎక్కడికీ కాదమ్మా."

"ఎక్కడికీ పోని పైపు ఎవరైనా వేస్తారా? కొత్త గోడకి కన్నం పెట్టి!"

"ఇంకోటి ఉండనీ అని..."

"నీ ఇంకోటి పాడుగానూ! ఆ వైపు నా కంటికి ఏమీ కనపడకూడదని చెప్పానా లేదా? మేస్త్రీ, కొంచెం సిమెంటు మాలు తెచ్చి ఆ కన్నం పూడ్చెయ్."

మేస్త్రీ తాపీతో మాలు తీసుకున్నాడు. మామయ్య వెళ్ళి ఆ కన్నానికి వీపు ఆనించి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా మాటకి అడ్డం చెప్పడం అదే మొదటిసారి. "మూత పెట్టాను కదే తల్లీ. వాన పోదు, పురుగు పోదు. నీకు దండం పెడతాను, దాన్ని మాత్రం ఉండనీ" అన్నాడు. మేస్త్రీ చేతిలో మాలు గట్టిపడుతోంది. తెల్లారితే ప్లాస్టరింగ్. నేను ఊఁ అంటే ఆ పైపు ఆ క్షణమే మూసుకుపోయేది.

అత్తయ్య నన్ను పక్కకి లాక్కెళ్ళింది. "నీకు తెలియదు. చెప్పనివ్వడు కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో గాలివానకి లైను తెగింది. ఈయన స్తంభం ఎక్కాడు. నాలుగు మూరల తీగ తక్కువైంది. నాలుగే మూరలు! వెనక్కి స్టోరుకెళ్ళి తెచ్చి కలిపేసరికి మధ్యాహ్నం దాటింది. లైను కలవగానే మొదటి కాల్ ఈయన చెవిలోనే పడింది. అవతల ఎవరో ఆడమనిషి, 'పొద్దుట్నుంచీ చేస్తున్నాను బాబూ, మా అన్నయ్యతో ఒక్కసారి మాట్లాడించు' అని. ఇవతల ఆ అన్నయ్య అప్పటికే పోయాడు. అప్పట్నుంచీ ఏదైనా సరిగ్గా సరిపోయినంతే ఉంటే ఈయనకి భయం. ఆ భయమే ఇది. నవ్వితే నవ్వు, మూయించకు."

నేను నవ్వలేదు. చిన్నప్పుడు గోడ మీద గీసిన ఆ ముప్పై ఒక్క గీతలూ గుర్తొచ్చి సిగ్గేసింది. మేస్త్రీని వెళ్ళమన్నాను. పైపు మిగిలింది.

నాలుగు నెలల్లో ఇంట్లోకి మారాం. టీవీ బొమ్మ అద్దంలా వచ్చింది. మంచం నిజంగానే అటు తిప్పాం, మా ఆయన నిజంగానే ఇంకో గదిలో పాయింటు వాడుకోవలసి వచ్చింది. ఎందుకో అడక్కండి. ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా మా ఆయన చివరగా ఆ పైపు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. "ఇది మా బాబాయిగారి పైపండీ. ఇందులోంచి ఏమీ రాదు, ఏమీ పోదు. అయినా ఉంది." అందరూ నవ్వేవారు, నేను కూడా.

ఆ రోజుల్లోనే ఒకటి గమనించాను. ఇల్లు కట్టేటప్పుడు సాయంత్రం ఏడయ్యిందంటే పక్కింట్లోంచి వార్తలు వీధంతా మోగేవి. ఆవిడకి చెవుడు లేదు, ఉత్త పొగరే అని నేను తేల్చాను. అలాంటిది మేం దిగాక ఆ ఇంట్లో చప్పుడే లేదు. పీడ విరగడైంది అనుకున్నాను. నిజం చెప్తున్నాను, సంతోషించాను కూడా.

ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైతే వెళ్ళి చూశాను. డిష్‌లు బిగించే అతను, భుజాన వైరు చుట్టతో. అతని వెనక నాలుగడుగుల దూరంలో టీచరమ్మ, ఎటో చూస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, ఈ అమ్మగారికి నాలుగైదు నెలలుగా సిగ్నల్ రావట్లేదు. మనిషి తర్వాత మనిషి వచ్చి చూసి పోయారంట. మీ మెట్ల గదీ ట్యాంకూ అడ్డం పడ్డాయి. వాళ్ళ డాబా మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎక్కడ పెట్టినా మీ ఇల్లే అడ్డం. మీ మేడ మీద కాస్త చోటిస్తే..."

"నేను అడగమనలేదు" అంది టీచరమ్మ. "ఇతనే వచ్చాడు. టీవీ లేకపోతే ప్రాణం పోదు." మళ్ళీ గొంతు తగ్గించి, "నేను చూసేదీ తక్కువే. అది మాట్లాడుతుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది, అంతే" అంది.

ఇంకో మనిషి. ఆ మాట వినగానే నా మెదడులో రెండు దిక్సూచులు, రెండు దిమ్మలు గిర్రున తిరిగాయి. మా మెట్ల గది లేవకముందే, అది పదడుగులు లేస్తే ఎవరి ఇల్లు మూగబోతుందో ఒక్క మనిషి మేడెక్కి లెక్కగట్టాడు. ఇంటి యజమానురాల్ని, నాకు ఆ ధ్యాసే లేదు.

"లోపలికి రండి" అన్నాను. పదిహేను నెలల తర్వాత ఆవిడతో నా మొదటి మాట అదే.

ముగ్గురం మేడెక్కాం. డిష్ అతను రెండో దిమ్మ ముందు కూర్చుని తడిమి చూశాడు. "ఎవరు పోశారమ్మా ఇది? బోల్టులతో సహా పెట్టారు. మొహం కూడా సరిగ్గా అటే!" కిందకి దిగి, బయటి గోడ దగ్గర ఆ పైపు మూత తిప్పాను. అది ఆవిడ కిటికీకి మూడడుగుల దూరంలో ఉంది. లోపల తాళ్ళు రెండు, వాటికి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చీటీలు రెండు. నా కళ్ళకి అక్షరాలు సరిగ్గా ఆనలేదు. టీచరమ్మే తీసుకుని చదివింది.

"'మేడ మీద రెండో దిమ్మ నుంచి టీచరమ్మగారి ముందుగదికి. టీవీ.'"

రెండోది తిప్పింది.

"'టీచరమ్మగారి ఇంటి నుంచి మా అమ్మాయి వంటింటికి. బెల్లు. ఒంటరి మనిషి, ఎప్పుడైనా అవసరం పడొచ్చు. ఆలోగా వీళ్ళు మాట్లాడుకుంటారు.'"

ఆవిడ ఆ చీటీని ఇంకోసారి మొదట్నుంచీ చదువుకుంది. ఏమంటుందా అని చూశాను. "దస్తూరీ చక్కగా ఉంది" అంది చివరికి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే మామయ్యకి ఫోన్ చేశాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మూయించేదానివి."

నిజమే. మూయించేదాన్ని. "మేం దిగి నాలుగు నెలలు దాటింది. ఇప్పటికైనా ఎందుకు చెప్పలేదు?"

"ఆ మూత నేను తియ్యకూడదమ్మా, నువ్వే తియ్యాలి. నా చేతిలో ఉన్నది పైపే" అన్నాడు. తర్వాత నాకు ఏడుపు వస్తోందని గొంతులో తెలిసిపోయిందో ఏమో, గబగబా, "అతను మలుపు దగ్గర వైరు విరవలేదు కదా?" అని అడిగాడు.

బెల్లు కూడా పెట్టించాం. ఆవిడ మంచం పక్కన మీట, మా వంటింట్లో గుమ్మం పైన, ఆ ఖాళీ పెట్టెలో గంట. బిగించిన తొమ్మిదో రోజు పొద్దున్న అది గణగణమంది. ఒక కాలికే చెప్పేసుకుని, పిండి చేతులతో పరుగెత్తాను. తలుపు తోసి, "ఏమైంది టీచరమ్మగారూ!" అని అరిచాను.

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ టీవీ నడుస్తోంది. "మీ టీవీ సౌండు కొంచెం తగ్గించండి" అంది. "నా వార్తలు నాకు వినపడటం లేదు."

ఏడాది కిందటైతే ఆ వీధి మొత్తం నా గొంతు వినేది. ఆ రోజు అక్కడే గుమ్మంలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాను. ఆవిడ కాసేపు గంభీరంగా చూసి, ఆపుకోలేక తనూ నవ్వేసింది. కూర్చోమంది. నా రెండో చెప్పు గోడకి ఇవతల, నేను అవతల, టీ తాగి వచ్చాను.

ఇంటికొచ్చి మామయ్యకి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. చాలా గంభీరంగా అడిగాడు.

"వంటింట్లోకి బాగా వినపడిందా?"

"ఆఁ, అదిరిపడ్డాను."

"నువ్వు పెరట్లో ఉంటే?"

ఆలోచించాను. "పెరట్లోకి వినపడదేమో మామయ్యా."

అవతల రెండు గడియారాల టిక్కుటిక్కులు వినిపించాయి. ఆయన ఏమంటాడో నాకు తెలుసు. ఈసారి ఆ మాట ఆయనకంటే ముందు నేనే అనేశాను.